నొప్పి తగ్గించే సూది ఏ దారిలో వచ్చింది?



పోయిన నెల నుంచి మన గ్రూపులో రెండు సంగతులు నడుస్తున్నాయి. ఒకటి, కారియాపట్టిలో మన హాలులో నెలకొకసారి అక్యుపంక్చర్ శిబిరం పెట్టాలన్న కోరిక. రెండోది, అరవంలో తిరుగుతున్న ఒక ఫార్వర్డ్. కాంచీపురం నుంచి వెళ్లిన బోధిధర్ముడే చైనావాళ్లకు సూది వైద్యం నేర్పించాడు, కాబట్టి అది మన వైద్యమే, మన వైద్యానికి భయమెందుకు అని అందులో ఉంది. శిబిరం కావాలన్నవాళ్లు ఆ ఫార్వర్డునే సాక్ష్యంగా చూపిస్తున్నారు. వద్దన్నవాళ్లు "చైనా సరుకు మనకెందుకు" అంటున్నారు. రెండు పక్షాలూ అది ఎవరిది అనే చూస్తున్నాయి. అది ఏం చేస్తుంది, ఏం చేయదు అని ఎవరూ అడగలేదు. అందుకే ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది.

మేము బళ్లో అరవమే చదివినవాళ్లం. తెలుగు అక్షరాలు ఉద్యోగం వదిలాక నేర్చుకున్నవి. వాక్యాల్లో తప్పులుంటే దిద్దండి. రైల్వే గుమాస్తాకు ఒక అలవాటు ఉంటుంది. పార్సిలు చేతికి వస్తే ఎక్కడ బయలుదేరింది, ఏ ఊరి మీదుగా వచ్చింది, లోపల ఏముంది అని చూసిగాని రిజిస్టరులో రాయడు. ఈ సూది సంగతినీ అట్లాగే చూద్దాం.

ముందు మన నొప్పుల మాట. మనవాళ్లు నాయకుల కాలంలో వచ్చి దిగింది కరిసల్ కాట్లో. ఆ వలస కథను ఇడైచేవల్ కి. రాజనారాయణన్ గారు అరవంలో రాసి లోకానికి చెప్పారు. ఆ నల్లరేగడిలో వానను నమ్ముకుని పత్తి, సజ్జ, జొన్న, మిరప పండించినవాళ్ల నడుములు ఎట్లా ఉంటాయో చెప్పనక్కర్లేదు. పత్తి తీసేటప్పుడు వంగిన నడుము, నీళ్ల బిందె మోసిన మెడ, కోవిల్‌పట్టి, సాత్తూరు పక్క తీపెట్టి ఆపీసుల్లో నేల మీద కూర్చుని పుల్లలు పేర్చిన మోకాళ్లు. టికెట్టు కౌంటరులో ముప్పై ఏళ్లు కూర్చున్న మాలాంటివాళ్ల నడుము కూడా ఆ లెక్కలోదే.

ఆ నొప్పులకు మన అవ్వలు, తాతలు చేసుకున్నది ఏమిటి? వేన్నీళ్ల కాపడం, ఆముదం, నొచ్చిలి ఆకు పట్టు. అది ఆగకపోతే వాత పెట్టడం, అంటే కాల్చిన ఇనుముతోనో పసుపు కొమ్ముతోనో చర్మం మీద చురక పెట్టడం. కొన్నిచోట్ల కొమ్ము పెట్టి చెడ్డ రక్తం లాగడం. ఎముక విరిగితే పుత్తూరు కట్టు. ఆ పుత్తూరు ఆంధ్రలో ఉంది, దాని పేరు మాత్రం తమిళనాడంతా ప్రసిద్ధి. కన్యాకుమరి, తిరునెల్వేలి పక్కకు వెళితే వర్మం తెలిసిన ఆసాన్లు ఉండేవాళ్లు. వేలితో ఫలానాచోట నొక్కితే నొప్పి దిగుతుంది, అదే చోట గట్టిగా కొడితే మనిషి పడిపోతాడు అని వాళ్ల విద్య. 1964లో మొదలైన పాళయంకోట్టై ప్రభుత్వ సిద్ధ వైద్య కళాశాల దాకా ఆ విద్య వచ్చింది.

ఇక చైనా వైపు చూస్తే అక్కడా ఇవే పనులు కనిపిస్తాయి. వాళ్లు ఒక ఆకును ఎండబెట్టి, నలిపి, దూదిలా చేసి చర్మం దగ్గర కాలుస్తారు. జపాన్ మాటను బట్టి దాన్ని మొక్సా అంటారు. ఆ ఆకు ఏదో కాదు, వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రి జాతి మొక్కే. కొమ్ము బదులు వాళ్లు వెదురు గొట్టాలు, గాజు కప్పులు పెట్టారు. వేడి, నొక్కుడు, చీలిక, ఈ మూడూ నొప్పికి మనిషి అన్నిచోట్లా పట్టుకున్న దారులు. రెండు ఊళ్లలో ఒకే పని కనబడితే ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారని అర్థం కాదు.

ఇప్పుడు బోధిధర్ముడి లెక్క చూద్దాం. ఆయన చైనాలో ఉన్నది క్రీస్తు శకం 5, 6 శతాబ్దాల్లో. ఆయన పేరు కనిపించే పాత చైనా పుస్తకాల్లో ఒకటి 547 ప్రాంతంలో యాంగ్ షువాన్‌జి రాసింది. అందులో ఆయనను పడమటి దేశాల నుంచి, పారసీకం నుంచి వచ్చిన సన్యాసి అన్నారు. దగ్గర కాలపు ఇంకో రాతలో తాన్‌లిన్ అనే శిష్యుడు దక్షిణ భారతదేశపు రాజు మూడో కొడుకు అన్నాడు. రెండింటిలోనూ సూది మాట లేదు. ఆయన పేరు మీద చెప్పే కసరత్తుల పుస్తకం వెలుగులోకి వచ్చింది 17వ శతాబ్దంలో, అంటే ఆయన పోయిన వెయ్యేళ్లకు. మన పిల్లలకు ఈ కథ బాగా ఎక్కింది 2011లో వచ్చిన 'ఏళాం అఱివు' సినిమాతో.

అటుపక్క 1973లో చైనాలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట ఒక పాత సమాధి తవ్వారు. దాన్ని మూసింది క్రీస్తు పూర్వం 168లో. లోపల పట్టు గుడ్డ మీద రాసిన వైద్యం పుస్తకాలు దొరికాయి. ఒంట్లో పదకొండు నాళాలు ఉన్నాయని, వాటి మీద మొక్సా కాల్చాలని అందులో ఉంది. సూది ఇంకా లేదు. ఆ తరువాత, క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం ప్రాంతంలో కూర్చిన 'పసుపు చక్రవర్తి అంతర్గ్రంథం'లో సూది వివరంగా వస్తుంది. అంటే బోధిధర్ముడు పుట్టకముందే ఐదారు వందల ఏళ్లుగా అక్కడ సూది వైద్యం ఉంది. బండి స్టేషను దాటిపోయాక వచ్చిన మనిషి ఆ బండిని నడిపాడని చెప్పలేం కదా.

"మరి మన మర్మాలు?" అని ఒక బావ అడిగారు. మంచి ప్రశ్న. సుశ్రుత సంహితలో 107 మర్మాలు చెప్పారు. కాని ఎందుకు చెప్పారో చూడండి. ఇక్కడ దెబ్బ తగిలితే ప్రాణం పోతుంది, ఇక్కడ తగిలితే అవిటితనం వస్తుంది, కాబట్టి శస్త్రం పట్టినవాడు ఈ చోట్లు తప్పించాలి అని చెప్పారు. చైనావాళ్లు చుక్కలు పెట్టింది గుచ్చడానికి. ఒకటి తాకకూడని చోట్ల పట్టిక, ఇంకొకటి తాకవలసిన చోట్ల పట్టిక. రెండూ గొప్పవే, రెండూ ఒకటి కాదు.

అయితే మననుంచి చైనాకు ఒక సూది నిజంగానే వెళ్లింది. అది నొప్పి సూది కాదు, కంటి సూది. కంట్లో పొర వచ్చి చూపు పోతే, సన్నని పనిముట్టుతో ఆ పొరను పక్కకు తోసే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. బౌద్ధ సన్యాసుల దారిలో అది చైనా చేరింది. అక్కడ దానికి బంగారు సూది అని పేరు. తాంగ్ రాజుల కాలపు కవి లియు యుషి భారతదేశపు కంటి వైద్యుడైన ఒక సన్యాసిని ఉద్దేశించి పద్యమే రాశాడు. గొప్ప చెప్పుకోవాలంటే ఇది చెప్పుకుందాం. ఇది నిజం కాబట్టి ఎవరు ప్రశ్నించినా నిలబడుతుంది. దీని సంగతి చివర్లో ఇంకొంచెం ఉంది.

చైనాలో కూడా సూదికి అన్ని రోజులూ పూజలు జరగలేదు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి తన రాజవైద్యశాలలో సూది, మొక్సా విభాగాన్ని మూసేశాడు. చక్రవర్తి ఒంటికి సూది గుచ్చడం తగదని ఆజ్ఞ. 1929లో అప్పటి చైనా ప్రభుత్వ వైద్య సభ పాత వైద్యాన్నే ఎత్తేయాలని తీర్మానం చేసింది. నాటు వైద్యులు ఊరూరా గొడవ చేసి దాన్ని ఆపించారు.

జపాన్‌లో కథ వేరుగా నడిచింది. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే గుడ్డి వైద్యుడు సన్నని గొట్టంలో సూది పెట్టి, పైన వేలితో తట్టి దించే పద్ధతిని స్థిరపరిచాడు. చూపు లేనివాళ్లకు ఆ విద్య నేర్పే బళ్లు కూడా పెట్టించాడు. నేడు లోకమంతా వాడే గొట్టం సూదులకు మూలం అదే.

1930లలో చెంగ్ దాన్‌ఆన్ అనే చైనా వైద్యుడు జపాన్ వెళ్లి చూసి వచ్చాడు. పాత చుక్కల పటాన్ని కొత్త శరీరశాస్త్రంతో సరిచూసి, రక్తనాళాల మీద ఉన్న చుక్కలను పక్కకు జరిపాడు. లావు సూదులు పోయి వెంట్రుకలాంటి సూదులు వచ్చాయి. 1949 తరువాత కొత్త ప్రభుత్వానికి కోట్ల జనం, కొద్దిమంది డాక్టర్లు. నాటు వైద్యులను కూడా కలుపుకోక తప్పలేదు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్‌దూల్లో పాత వైద్యానికి కళాశాలలు పెట్టారు. మనం "ఐదువేల ఏళ్ల వైద్యం" అని బోర్డు మీద చదివే దాని నేటి రూపం చాలామటుకు ఈ ఇరవై ముప్పై ఏళ్లలో తయారైంది.

అది ఇండియాకు వచ్చిన దారి ఇంకా బాగుంటుంది. 1937లో జపాన్ సైన్యం చైనా మీద పడింది. చైనావాళ్లు సాయం అడిగితే కాంగ్రెస్, అప్పటి అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోస్, నెహ్రూ పూనుకుని ఐదుగురు డాక్టర్లను పంపించారు. అటల్, చోల్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ. సెప్టెంబరు 1938లో బొంబాయిలో ఓడ ఎక్కారు. ద్వారకానాథ్ కోట్నీస్ షోలాపూర్‌లో పుట్టిన మరాఠీ ఆయన. ఆ షోలాపూర్‌లో మన తెలుగు పద్మశాలీలు మగ్గాలు పెట్టుకుని వీధులకు వీధులు నింపారు కాబట్టి ఆ ఊరు మనకు పరాయిది కాదు. ఆయన యుద్ధరంగంలో రాత్రీపగలూ ఆపరేషన్లు చేశాడు. గువో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్లి చేసుకున్నాడు. కొడుకుకు యిన్‌హువా అని పేరు. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. 9 డిసెంబరు 1942న 32 ఏళ్లకే పోయాడు. 1946లో శాంతారామ్ ఆయన కథను సినిమా తీశారు.

కోట్నీస్ గారే సూది వైద్యం తెచ్చారని కూడా ఒక మాట తిరుగుతోంది. ఆయన తిరిగి రానేలేదు, ఆయన పని శస్త్రచికిత్స. తెచ్చింది ఆయన స్నేహితుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. ఈయన 1943లో కలకత్తా తిరిగి వచ్చి, 1958లో మళ్లీ చైనా వెళ్లినప్పుడు అక్యుపంక్చర్ నేర్చుకున్నారు. 1959 నుంచి కలకత్తాలో రోగులకు చేయడం మొదలుపెట్టారు. మూడేళ్లలోనే చైనా యుద్ధం వచ్చింది. చైనా పేరెత్తితేనే అనుమానంగా చూసే కాలంలో కూడా ఆ విద్యను ఆయన వదలలేదు. తరువాత కోట్నీస్ పేరు మీద ఏర్పడిన సంఘాల ద్వారా అది ఊరూరా పాకింది. 1996లో పశ్చిమ బెంగాల్ దీనికి విడిగా చట్టమే చేసింది.

కలకత్తా అనగానే మన జిల్లావాళ్లకు ఇంకొకటి గుర్తుకు రావాలి. 1910 ప్రాంతంలో కలకత్తాలో స్థిరపడ్డ జపాన్ కుటుంబాలు అగ్గిపుల్లల పని మొదలుపెట్టాయి. వాళ్లను చూసి బెంగాలీలు నేర్చుకున్నారు. 1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకుని వచ్చారు. వాన లేని మన సీమకు కూడు పెట్టిన తీపెట్టి పరిశ్రమ అట్లా వచ్చింది. తూర్పు ఆసియా నుంచి కలకత్తా మీదుగా శివకాశికి అగ్గిపెట్టె, అదే దారిలో నలభై ఏళ్ల తరువాత సూది. అగ్గిపెట్టెను బోధిధర్ముడు కనిపెట్టాడని మనం ఎప్పుడూ అనలేదు. అయినా దానితోనే బతికాం. సూదికి మాత్రం కులగోత్రాలు ఎందుకు వెతకాలి?

లోకమంతా సూది మాట వినబడింది 1971లో. అమెరికా పత్రికాకారుడు జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో ఉండగా కడుపునొప్పి వచ్చి అపెండిక్స్ తీశారు. ఆపరేషన్‌కు ఇచ్చింది మామూలు మత్తు సూదిమందే. రెండోరోజు రాత్రి కడుపు ఉబ్బి బాధపడుతుంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు పెట్టారు. గంటలో తేలికయింది. ఆయన 26 జూలై 1971న న్యూయార్క్ టైమ్స్‌లో ఆ సంగతి రాశాడు. మరుసటి ఏడు నిక్సన్ చైనా వెళ్లడంతో సూది పేరు మారుమోగింది. జనం నోట పడి "మత్తు లేకుండా సూదితోనే కడుపు కోశారు" అని మారిపోయింది. నేటికీ చాలామంది అట్లాగే చెబుతారు.

సూది నొప్పిని ఎట్లా తగ్గిస్తుంది? నొప్పి అనేది దెబ్బ తగిలిన చోటి నుంచి మెదడుకు నేరుగా వెళ్లే తంతి కాదు, దారిలో వెన్నులో ఒక గేటు ఉంది, అది కొంత తెరుచుకుంటుంది, కొంత మూసుకుంటుంది అని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పారు. మోకాలికి రాయి తగిలితే మనం వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, రుద్దుడు ఆ గేటును కొంచెం మూస్తుంది. 1975లో మన మెదడే నల్లమందులాంటి పదార్థం తయారు చేసుకుంటుందని తేలింది. 1977లో అమెరికాలో ఒక పరీక్షలో, సూది వల్ల తగ్గిన నొప్పి ఆ పదార్థాన్ని అడ్డుకునే మందు ఇవ్వగానే తిరిగి వచ్చింది. కాబట్టి సూది ఒట్టి మాయ కాదు. ఒంట్లో ఏదో జరుగుతోంది.

ఇక లెక్కలు. జర్మనీలో 1,162 మంది నడుము నొప్పివాళ్లను మూడు గుంపులు చేశారు. 2007లో ఫలితం వచ్చింది. సరైన చుక్కల్లో సూదులు పెట్టించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి ఆరు నెలలకు గుణం కనిపించింది. చుక్కలు కానిచోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం మందికి. మామూలు మందులు, వ్యాయామం తీసుకున్నవాళ్లలో 27.4 శాతం మందికి. ఈ మూడు అంకెలను నెమ్మదిగా చదవండి. సూది పెట్టించుకున్నవాళ్లకు మేలు జరిగింది, అందులో సందేహం లేదు. కాని ఎక్కడ గుచ్చారు అన్నదానికి పెద్ద తేడా లేదు. గుచ్చడం, పడుకోబెట్టడం, శ్రద్ధగా చూడడం, తగ్గుతుందన్న నమ్మకం, ఇవన్నీ కలిసి పనిచేశాయి. 2018లో 39 పరీక్షల్లోని 20,827 మంది లెక్కలు ఒకచోట కూర్చినప్పుడు కూడా ఇంచుమించు ఇదే తేలింది. నడుము, మెడ, భుజం, మోకాలి అరుగుదల, తలనొప్పి, వీటిలో నిజం సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా ఉంది, అది చిన్నది. సూది లేనిదానితో పోలిస్తే తేడా ఎక్కువ. మేలు చాలామటుకు ఏడాది దాకా నిలుస్తుంది.

పెద్ద దేశాల వైద్య సంస్థలు కూడా ఊగిసలాడాయి. బ్రిటన్‌లో 2016లో నడుము నొప్పికి సూది సిఫారసు తీసేశారు, 2021లో కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పికి వాడవచ్చన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి వాడదగిన పద్ధతుల్లో సూదినీ చేర్చింది, షరతులతో.

మన దేశంలో 2003లో కేంద్రం దీన్ని ఒక చికిత్సా విధానంగా చేయవచ్చని చెప్పింది, 2019లో విడి పద్ధతిగా గుర్తించింది. యోగా, ప్రకృతి వైద్యం డిగ్రీ చదివిన డాక్టర్ల పాఠాల్లో కూడా ఇది ఉంటుంది. తమిళనాడులో ఏడాది డిప్లొమా చదివి బోర్డు పెట్టినవాళ్లూ చాలామంది. వీళ్లలో కొందరు సూది కూడా పెట్టరు, చేయి పట్టి నాడి చూసి ఒకేచోట వేలితో ముట్టి పంపిస్తారు. నొప్పికి వచ్చినవాడికి కాసేపు మాట, ముట్టుడు దొరికితే అదీ మేలే. అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేదు.

కాని అక్కడితో ఆగని సంగతులు ఉన్నాయి. మా బంధువుల్లో ఒక పెద్దాయనకు మోకాలి నొప్పి. పక్క టౌనులో ఒకరి దగ్గర సూదులు పెట్టించుకున్నాడు. ఆరు వారాల్లో నొప్పి నిజంగా తగ్గింది, మెట్లు ఎక్కాడు. ఆ నమ్మకం మీద ఆ వైద్యుడు "సుగర్ మాత్రలు విషం, ఆపేయండి, ఒళ్లే చూసుకుంటుంది" అంటే ఆపేశాడు. ఐదు నెలలకు కాలికి పుండు పడి రెండు వేళ్లు తీయాల్సి వచ్చింది. మోకాలు బాగైంది నిజం. వేళ్లు పోయింది కూడా నిజం. మొదటి నిజం వల్లనే రెండోది జరిగింది. సూది పనిచేయకపోయి ఉంటే ఆయన ఆ మాట నమ్మేవాడే కాదు. "మన ముత్తాతల వైద్యం" అన్న ఫార్వర్డులో ఉన్న ఆపద ఇదే. ఒక పద్ధతి మనది అనుకుంటే దాన్ని ప్రశ్నలు అడగడం మానేస్తాం. ఒకచోట పనిచేస్తే అన్నిచోట్లా పనిచేస్తుందని అప్పగించేస్తాం.

ఇప్పుడు ఆ కంటి సూది మిగిలిన కథ. ఎట్టయపురం పక్క వడమలాపురంలో 1918లో పుట్టిన జి. వెంకటస్వామి గారు మన కరిసల్ సీమ బిడ్డ. డాక్టరు చదివి సైన్యంలో చేరాక కీళ్లవాతం వచ్చింది. వేళ్లు వంకర్లు పోయాయి. నొప్పితో మంచం పట్టి నెలలకు నెలలు ఉన్నారు. కాన్పుల డాక్టరు కావాలన్న ఆశ పోయింది. ఆ వంకర వేళ్లతోనే పనిముట్టు పట్టడం మళ్లీ నేర్చుకుని కంటి వైద్యుడయ్యారు. తన చేతులతో లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. 1976లో మదురైలో 11 మంచాలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు.

సుశ్రుతుడి బంగారు సూది మన దేశానిదే, చైనాకు వెళ్లి పేరు తెచ్చింది. అయినా వెంకటస్వామి గారు అది మనదని దాన్నే పట్టుకు కూర్చోలేదు. పొరను పక్కకు తోస్తే కొన్నాళ్లు చూపు వస్తుంది, తరువాత చాలామంది కళ్లు పాడవుతాయి. పొరను తీసేసి లెన్సు పెట్టడం మేలు. ఆ పద్ధతి పరాయి దేశంలో పుట్టింది, లెన్సు ఖరీదు ఎక్కువ. ఆయన వాళ్లు ఆ పద్ధతి నేర్చుకుని, 1992లో మదురైలోనే లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టి బీదవాళ్లకు అందించారు. ఎంతమందికి చేశాం, ఎంతమందికి చూపు వచ్చింది అని లెక్కలు రాశారు. మన ఇళ్లల్లో ఎంతమంది అవ్వలు ఆ లెన్సులతో మళ్లీ మనవళ్ల ముఖం చూశారో మీకే తెలుసు.

కాబట్టి శిబిరం పెట్టవద్దని మేము అనడం లేదు. నడుము నొప్పి, మోకాలి నొప్పికి రోజూ నొప్పి మాత్రలు మింగి కిడ్నీ పాడు చేసుకునేకంటే, తగినవాళ్ల చేత సూది పెట్టించుకుని చూడడం తప్పు కాదు. కాని హాలు తాళం ఇచ్చేముందు ఈ మాటలు ఒప్పుకోవాలి.

వచ్చే వైద్యుడి చదువు, రిజిస్ట్రేషను కాగితం సంఘం చూడాలి. ప్రతి మనిషికీ కొత్త సూది, ఆ మనిషి కళ్లముందే ప్యాకెట్టు విప్పాలి. వాడిన సూది గట్టి డబ్బాలో పడాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్న అమ్మాయిలు ముందే చెప్పాలి. ఛాతీ మీద, వీపు మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడే అపాయం అరుదుగానైనా ఉంది, అందుకే చదువుకున్న చేయి కావాలి. సుగర్, బీపీ, ఫిట్స్, థైరాయిడ్ మాత్రలు ఆపమని ఎవరైనా మన హాలులో ఒక్కమాట అంటే ఆ రోజే శిబిరం ఆఖరు.

కొన్ని నొప్పులు శిబిరానికి రాకూడదు, నేరుగా పెద్దాస్పత్రికి పోవాలి. ఎడమ చేయి, దవడ లాగుతూ ఛాతీ నొప్పి. జ్వరంతో, బరువు తగ్గుతూ వచ్చే నడుము నొప్పి. నడుము నొప్పితో పాటు కాలు చచ్చుబడడం, ఒంటేలు మీద పట్టు తప్పడం. వీటికి సూది పెట్టి నొప్పి కాస్త తగ్గిస్తే అసలు జబ్బు లోపల దాక్కుంటుంది.

ఆఖరుగా ఒక రిజిస్టరు ఉండాలి. ఊరు, వయసు, ఏ నొప్పి, ఎన్నాళ్లుగా, మొదటిరోజు నొప్పి పదికి ఎంత, ఆరుసార్లు అయ్యాక ఎంత, మూడు నెలలకు ఎంత. వేసుకునే మాత్రలు ఏవి, ఏవైనా ఆపారా. ఆరుసార్లకూ తగ్గనివాళ్లను ఇక పిలవద్దు, డబ్బూ పొద్దూ మిగులుతాయి. ఏడాది తరువాత ఆ లెక్క సంఘం సభలో చదివి, శిబిరం కొనసాగించాలా వద్దా అని అప్పుడు చేతులెత్తుదాం. రిజిస్టరు రాసే పని మేము తీసుకుంటాం. గీతలు గీసిన పెద్ద పుస్తకం ఒకటి, నీలం పెన్ను ఒకటి సంఘం కొనిస్తే చాలు.